పైకి ఒక మాట, కిందికి ఒక మాట లేకుండా ఎజైల్ టీమ్‌ని నడిపించడం ఎలా

శుక్రవారం సాయంత్రం ఆరున్నర. మాదాపూర్‌లో రోడ్డు మీద కార్లు కదలడం మానేసే వేళ. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు ఉదయం తొమ్మిది. వారం వారం జరిగే స్టేటస్ కాల్‌లో మా ప్రాజెక్టు పేరు పక్కన ఆకుపచ్చ చుక్క ఉంది. ఎలా ఉందని క్లయింట్ మేనేజర్ అడిగారు. "ఆన్ ట్రాక్" అన్నాను. పేమెంట్ భాగాన్ని ఇంకా ఒక్కసారి కూడా టెస్ట్ చేయలేదని నాకు తెలుసు. నా పక్కనే మ్యూట్‌లో కూర్చున్న డెవలపర్‌కీ తెలుసు. అతను నా వైపు ఒకసారి చూసి, మళ్లీ తన లాప్‌టాప్‌లోకి తల దించుకున్నాడు.

మూడు వారాల తర్వాత రిలీజ్ జారిపోయింది. క్లయింట్‌కి అసలు కోపం తెప్పించింది ఆలస్యం కాదు. మా తేదీని నమ్మి వాళ్లు కాల్ సెంటర్ ఉద్యోగులకి ట్రైనింగ్ పెట్టేసుకున్నారు, గదులు బుక్ చేశారు, షిఫ్టులు మార్చారు. "రెండు వారాల ముందు చెప్పినా ఆపుకునేవాళ్లం" అన్నారు. అది ఒక నష్టం. రెండోది నాకు ఆలస్యంగా అర్థమైంది: ఆ రోజు నుంచి ఆ డెవలపర్ నాకు చెడు కబురు చెప్పడం మానేశాడు.

కొత్తగా టీమ్ లీడ్ గానో స్క్రమ్ మాస్టర్ గానో మారినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎజైల్ అంటే పెద్ద పనిని చిన్న ముక్కలు చేసి, కొద్ది వారాలకోసారి అయినంతవరకు చూపిస్తూ సాఫ్ట్‌వేర్ తయారుచేసే పద్ధతి. స్క్రమ్ అందులో ఒక రకం, దాన్ని టీమ్‌లో సరిగ్గా నడిచేట్టు చూసేవాళ్లు స్క్రమ్ మాస్టర్. ముఖ్యంగా ఇక్కడ కూర్చుని వేరే దేశం క్లయింట్‌కి పనిచేసే సర్వీస్ కంపెనీ టీమ్‌లు నా మనసులో ఉన్నాయి. సొంత సాఫ్ట్‌వేర్ అమ్మే ప్రొడక్ట్ కంపెనీలో ఉన్నవాళ్లకి మొదటి మెట్టు కాస్త తేలిక, మిగతాది దాదాపు ఒకటే.

లీడర్ ఆథెంటిక్‌గా, అంటే లోపల ఒకటి బయట ఒకటి లేకుండా ఉండాలని ట్రైనింగుల్లో చెబుతుంటారు. టీమ్‌తో కలిసి బిర్యానీ తినడం, "సర్ అనకండి, పేరు పెట్టి పిలవండి" అనడం, మన కష్టసుఖాలు చెప్పుకోవడం అనే అర్థంలో చాలామంది దాన్ని తీసుకుంటారు. అవేవీ తప్పు కాదు. నాకు పనికొచ్చిన అర్థం మాత్రం ఇంకా చిన్నది. పైవాళ్లకి చెప్పిన తేదీ, టీమ్‌కి చెప్పిన తేదీ, నా మనసులో ఉన్న తేదీ మూడూ ఒకటే అయి ఉండాలి. వ్యాపారం చేసేవాళ్లు మనం చెప్పిన తేదీ మీద డబ్బు పెడతారు కాబట్టి ఫలితాల సంగతి కూడా ఇక్కడే మొదలవుతుంది.

మెట్టు 1: ముందు డబ్బు ఎటు నుంచి ఎటు పోతుందో కనుక్కోండి

చేరిన మొదటి రెండు వారాలు ప్రాసెస్ జోలికి వెళ్లకండి. జిరా (ఏ పని ఎక్కడిదాకా వచ్చిందో చూపించే సాఫ్ట్‌వేర్) బోర్డులో కాలమ్‌లు సర్దాలనీ, స్టాండప్ (టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్) టైమ్ మార్చాలనీ చెయ్యి లాగుతుంది. ఆగండి. ఆ రెండు వారాల్లో తెలుసుకోవలసింది వేరే ఉంది.

సర్వీస్ కంపెనీలో ఉన్న లీడ్ ముందు రెండు వ్యాపారాలు ఉంటాయి. ఒకటి మన కంపెనీది, రెండోది క్లయింట్‌ది. ఈ రెండూ ఒకటేనని మీటింగుల్లో అందరూ అంటారు కానీ కావు. కాంట్రాక్టు టైమ్ అండ్ మెటీరియల్ పద్ధతిలో ఉంటే మన కంపెనీకి గంటల లెక్కన బిల్లు వస్తుంది. అప్పుడు అనవసరమైన పనిని ఆపమని చెప్పే తొందర మన వైపు ఎవరికీ ఉండదు. ఫిక్స్‌డ్ బిడ్ అయితే మొత్తం సొమ్ము ముందే ఖరారు. అప్పుడు క్లయింట్ అడిగే ప్రతి చిన్న మార్పూ మన లాభంలోంచే పోతుంది కాబట్టి ప్రతి మార్పు దగ్గరా పేచీ. మీరు ఎంత మంచి లీడ్ అయినా ఈ రెండింటిలో ఏదో ఒకటి మిమ్మల్ని ఒక పక్కకి తోస్తూనే ఉంటుంది. ఎటు తోస్తోందో తెలిస్తే కనీసం కాలు నిలదొక్కుకోవచ్చు.

అందుకే డెలివరీ మేనేజర్‌ని మొహమాటం లేకుండా అడగండి: కాంట్రాక్టు ఏ రకం? డబ్బు నెలనెలా వస్తుందా, మైల్‌స్టోన్ దాటితే వస్తుందా? ఆలస్యమైతే పెనాల్టీ ఉందా? రెన్యువల్ ఏ నెలలో? "అవన్నీ నీకెందుకు, నువ్వు డెలివరీ చూసుకో" అనే మేనేజర్లు ఉంటారు. "డెలివరీ సరిగ్గా చూసుకోవడానికేనండీ" అని మళ్లీ అడగండి.

క్లయింట్ వైపు అడగాల్సినవి వేరు. దీన్ని రోజూ వాడేది ఎవరు? ఒక రోజు ఇది ఆగిపోతే ఎవరి పని ఆగుతుంది? ఈ పని బాగా జరిగితే మీ దగ్గర ఏ లెక్క మారుతుంది? మూడో ప్రశ్నకి వెంటనే జవాబు రాకపోతే కంగారు పడకండి. చాలాసార్లు వాళ్లకీ తెలియదు. కానీ ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడగడమే అక్కడ కొత్త.

తర్వాత ఒక కూడిక చేయండి. ఎనిమిది మంది టీమ్ అనుకుందాం. ఒక్కొక్కరి మీద కంపెనీకి నెలకి సగటున లక్షన్నర ఖర్చనుకుందాం. నెలకి 12 లక్షలు. స్ప్రింట్ అంటే ఇంత పని అనుకుని ముగించే ఒక విడత. అది రెండు వారాలదైతే 6 లక్షలు. క్లయింట్ కట్టే బిల్లు ఇంతకన్నా ఎక్కువే. ఈ లెక్క మీ టీమ్ జీతాలతో వేసుకుని ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి, బయట చెప్పక్కర్లేదు. ప్రతి స్ప్రింట్ చివర మీరు వేసుకోవలసిన ప్రశ్న: ఈ ఆరు లక్షలు పెట్టి క్లయింట్ ఏం కొనుక్కున్నాడు? "23 స్టోరీ పాయింట్లు" అనేది దానికి జవాబు కాదు. (స్టోరీ అంటే వాడేవాళ్ల కోసం చేసే ఒక చిన్న పని, పాయింట్లు ఆ పని ఎంత పెద్దదో టీమ్ వేసుకునే అంచనా.)

మెట్టు 2: ఒక్క అంకె ఎంచుకోండి

మా ప్రాజెక్టు ఒక ఇన్సూరెన్స్ క్లెయిమ్ పోర్టల్. క్లయింట్ అడిగింది చాట్‌బాట్. కాల్ సెంటర్‌కి ఫోన్లు ఎక్కువైపోయాయి, చాట్‌బాట్ పెడితే తగ్గుతాయని వాళ్ల ఆలోచన. బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయాల్సిన పనుల జాబితాలో, అప్పటికే దాని మీద ముప్పై దాకా స్టోరీలు ఉన్నాయి.

మా టీమ్‌లో ఒకమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, ఒక రోజు అడిగింది: "అసలు వాళ్లు ఎందుకు ఫోన్ చేస్తున్నారో మనం విన్నామా అన్నా?" వినలేదు. కాల్స్ రికార్డింగులు ఓ యాభై తెప్పించుకుని టీమ్ అంతా పంచుకుని విన్నాం. సగానికి పైగా ఒకటే గోల: స్క్రీన్ మీద 'ప్రాసెసింగ్' అని రెండు వారాలుగా ఉంది, అసలు ఏం జరుగుతోందో చెప్పండి. ఆ మాట తీసేసి, క్లెయిమ్ ఎక్కడ ఉంది, తర్వాత ఏ కాగితం కావాలి, ఎన్ని రోజులు పడుతుంది అన్నది అక్కడే రాశాం. దశ మారినప్పుడల్లా ఒక మెసేజ్ వెళ్లేట్టు చేశాం. ఒక్క స్ప్రింట్ పని. ఫోన్లు కంటికి కనిపించేంత తగ్గాయి. చాట్‌బాట్ స్టోరీలు చాలావరకు పక్కకి పోయాయి.

ఇందులో మీరు చేయగలిగే పని ఇది. మీ క్లయింట్‌తో కూర్చుని, ఈ మూడు నెలల్లో కదలాల్సిన ఒక్క అంకె ఏదో తేల్చుకోండి. కాల్స్ సంఖ్య, మధ్యలో వదిలేసిన ఫారాల శాతం, ఒక క్లెయిమ్ తేలడానికి పట్టే రోజులు, చేత్తో దిద్దాల్సి వచ్చే ఎంట్రీలు, ఇలాంటిది. అది వాడేవాళ్ల జీవితంలో జరిగే మార్పు అయి ఉండాలి, మన టీమ్ లోపలి లెక్క అయి ఉండకూడదు. ఈ రోజు అది ఎంత ఉందో ముందే రాసి పెట్టుకోండి. ఇది చాలామంది మర్చిపోతారు. మొదటి అంకె లేకపోతే తర్వాత ఎంత తగ్గించామన్నా ఎవరూ నమ్మరు.

ఒక జాగ్రత్త. ఏ అంకెనైనా లక్ష్యంగా పెట్టి దాని మీద మార్కులు వేస్తే మనుషులు అంకెనే పెంచడం నేర్చుకుంటారు, అసలు పని అలాగే ఉంటుంది. కాల్స్ తగ్గించమంటే ఫోన్ నంబర్‌ని వెబ్‌సైట్‌లో కనిపించకుండా దాచేసినా అంకె తగ్గుతుంది కదా. అందుకని పక్కన ఒక కాపలా అంకె కూడా పెట్టుకోండి. మేం కాల్స్‌తో పాటు ఫిర్యాదుల సంఖ్యని చూసేవాళ్లం.

మెట్టు 3: మాట ఇచ్చేది లక్ష్యానికి, లిస్టుకి కాదు

"మీరు ఈ 12 స్టోరీలు కమిట్ అయ్యారు, 9 మాత్రమే చేశారు." ఈ మాట వినని లీడ్ ఉండరు. ఇక్కడ కాస్త చరిత్ర పనికొస్తుంది. స్క్రమ్‌కి మూల పత్రం కెన్ ష్వేబర్, జెఫ్ సదర్‌ల్యాండ్ రాసిన స్క్రమ్ గైడ్. 2011 సవరణలో స్ప్రింట్‌కి ఎంచుకున్న పనుల విషయంలో కమిట్‌మెంట్ అన్న మాట తీసేసి ఫోర్‌కాస్ట్ అని, అంటే అంచనా అని పెట్టారు. 2020 ప్రతిలో కమిట్‌మెంట్ తిరిగి వచ్చింది, కానీ ఈసారి స్ప్రింట్ గోల్‌కి అంటుకుని వచ్చింది. అంటే మాట ఇచ్చేది లక్ష్యానికి. దాన్ని చేరడానికి ఏ స్టోరీలు కావాలన్నది మధ్యలో మారవచ్చు. మొత్తం గైడ్ 13 పేజీలే. సర్టిఫికెట్ ఉన్నవాళ్లలో కూడా దాన్ని చివరిదాకా చదివినవాళ్లు తక్కువమందే కనిపించారు నాకు.

కాబట్టి ప్లానింగ్‌లో ముందు ఒక్క వాక్యం రాయండి. "ఈ స్ప్రింట్ అయ్యేసరికి, కారు ప్రమాదం క్లెయిమ్ వేసినవాళ్లకి ఫోన్ చేయకుండానే తమ క్లెయిమ్ ఎక్కడుందో తెలియాలి." ఇలాంటి వాక్యం రాయలేకపోతే, మీ స్ప్రింట్ నాలుగు మూలల నుంచి వచ్చిన చిల్లర పనుల మూట అని అర్థం. అప్పుడు టీమ్‌ని అనకండి. ఏ పని ముందు చేయాలో తేల్చే ప్రొడక్ట్ ఓనర్‌తో మాట్లాడండి.

మెట్టు 4: తేదీ చెప్పడం నేర్చుకోండి

అసలు పరీక్ష ఇక్కడే. "ఎప్పటికి అవుతుంది?" అని అడిగినప్పుడు రెండు తప్పు జవాబులున్నాయి. ఒకటి, వాళ్లు వినాలనుకున్న తేదీ చెప్పడం. రెండోది, "మేం ఎజైల్ అండీ, తేదీలు చెప్పం" అనడం. రెండోది చెప్పినవాళ్లకి వ్యాపారం మీద గౌరవం లేదని నా అభిప్రాయం. అవతల ట్రైనింగ్ గదులు బుక్ చేసుకోవలసినవాళ్లు ఉన్నారు.

స్టోరీ పాయింట్లని పక్కన పెట్టండి. ఆ పద్ధతిని తనే కనిపెట్టి ఉండొచ్చని చెప్పే రాన్ జెఫ్రీస్, అది నిజమైతే అందుకు తాను చింతిస్తున్నానని రాశారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచు రిసార్టులో కూర్చుని ఎజైల్ పద్ధతులకి పునాది అయిన ఎజైల్ మేనిఫెస్టో రాసిన 17 మందిలో ఆయనొకరు. మనం మాత్రం ఇంకా 5 పెట్టాలా 8 పెట్టాలా అని అరగంటలు కొట్లాడుకుంటున్నాం.

దాని బదులు పూర్తయిన స్టోరీల్ని లెక్కపెట్టండి. గత 8 స్ప్రింట్లలో మీ టీమ్ పూర్తి చేసినవి 6, 9, 7, 5, 8, 7, 4, 8 అనుకుందాం. మొత్తం 54, సగటున స్ప్రింట్‌కి దాదాపు 7. ఇంకా 40 మిగిలాయి. సగటు వేగంతో 6 స్ప్రింట్లు, అంటే 12 వారాలు. ఇప్పుడు బాగా నెమ్మదిగా నడిచిన మూడింటిని తీసుకోండి: 4, 5, 6. సగటు 5. ఆ వేగంతో 8 స్ప్రింట్లు, 16 వారాలు. పైగా ప్రతి స్ప్రింట్‌లో ఒక కొత్త స్టోరీ వచ్చి చేరుతోందనుకుంటే నెమ్మది వేగంలో నికరంగా తగ్గేది 4 మాత్రమే. అప్పుడు 10 స్ప్రింట్లు, 20 వారాలు.

క్లయింట్‌కి ఇలా చెప్పండి: "కొత్తవి చేర్చకపోతే 12 నుంచి 16 వారాలు. ఇప్పట్లాగే చేరుస్తూ పోతే 20 దాకా వెళ్లొచ్చు. ప్రతి రెండు వారాలకీ ఈ లెక్క మళ్లీ చూపిస్తాను." ఇందులో గొప్ప విషయం ఏమిటంటే, కొత్త పని చేర్చడమా వద్దా అన్న నిర్ణయం వాళ్ల చేతిలో పెట్టారు, దాని ధరతో సహా. మీరు "కుదరదు" అనలేదు, "చూస్తాం సర్" అని నాన్చలేదు.

పండగల సంగతి లెక్కలో వేసుకోండి. సంక్రాంతి వారంలో హైదరాబాద్ టీమ్ సామర్థ్యం సగానికి పడిపోతుందని మనందరికీ తెలుసు. అయినా జనవరి రెండో వారంలో రిలీజ్ పెట్టి, ఊరికి బయల్దేరినవాళ్లని కారులోంచి కాల్‌లోకి లాగుతాం. అటు వైపు నవంబర్ చివర థాంక్స్‌గివింగ్, ఆ తర్వాత చాలా కంపెనీల్లో ఏడాది చివరి దాకా ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో, మార్పులు చేయనివ్వరు. ఈ రెండూ కలిపి చూస్తే నవంబర్ మధ్య నుంచి జనవరి మూడో వారం దాకా పెద్ద రిలీజ్ పెట్టడం మొండితనమే. బతుకమ్మ, దసరా రోజుల్ని కూడా క్లయింట్ క్యాలెండర్‌లో మీరే ముందుగా రాసి పంపండి. సెలవు అడగడానికి మొహమాటపడి, ఆఖరి నిమిషంలో జ్వరం వచ్చిందనే అబద్ధాలు వాటంతట అవే తగ్గుతాయి.

మెట్టు 5: చేతిలో పని తగ్గించండి

సంక్రాంతికి విజయవాడ హైవే మీద పంతంగి టోల్ ప్లాజా దగ్గర ఇరుక్కున్నవాళ్లకి ఈ మెట్టు వివరించనక్కర్లేదు. క్యూలో ఎన్ని కార్లున్నాయో, నిమిషానికి ఎన్ని దాటుతున్నాయో తెలిస్తే మన వంతు ఎప్పుడో చెప్పొచ్చు. అమెరికన్ ప్రొఫెసర్ జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇదే. చేతిలో ఉన్న పనుల్ని, వారానికి పూర్తయ్యే పనులతో భాగిస్తే ఒక్కో పనికి సగటున పట్టే సమయం వస్తుంది.

బోర్డు మీద 12 పనులు 'ఇన్ ప్రోగ్రెస్'లో ఉండి వారానికి 3 పూర్తవుతుంటే ఒక్కో పనికి 4 వారాలు. అదే వేగంతో చేతిలో 6 మాత్రమే ఉంచుకుంటే 2 వారాలు. ఎవరూ ఎక్కువ కష్టపడలేదు, రాత్రి పదింటిదాకా కూర్చోలేదు.

చెప్పడం తేలికే, చేయడం కష్టం. టెస్టింగ్‌లో పనులు పేరుకుపోతుంటే డెవలపర్ కొత్తది మొదలుపెట్టకుండా టెస్టింగ్‌లో చెయ్యి వేయాలి. మన దగ్గర దీనికి అడ్డం బిల్లింగ్. "డెవలపర్ టెస్టింగ్ చేస్తే రేటు కార్డులో ఎలా చూపించాలి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఈ ప్రశ్న వస్తుందని తెలిసి ముందే మేనేజర్‌తో మాట్లాడి పెట్టుకోండి. ఒక నెల ప్రయోగంగా చేద్దామంటే సాధారణంగా ఒప్పుకుంటారు.

మెట్టు 6: స్టాండప్‌లో చెడు కబురు బయటికి రావాలి

పదిహేను నిమిషాలు. లీడ్‌కి హాజరు చెప్పడం కోసం పెట్టిన మీటింగ్ కాదది. అందరూ మీ ముఖం చూసి మాట్లాడుతున్నారంటే మీరు పక్కకి తప్పుకుని నిలబడండి, బోర్డుని మధ్యలో పెట్టండి. మనుషుల వరసలో కాకుండా పనుల వరసలో, ముగింపుకి దగ్గరగా ఉన్నదాని నుంచి మొదలుపెట్టండి.

"ఆల్మోస్ట్ అయిపోయింది" అన్న మాట వినగానే చెవులు నిక్కబొడుచుకోవాలి. మన ఆఫీసుల్లో తొంభై శాతం అయిపోయిన పని మిగతా పది శాతానికి ఇంకో తొంభై రోజులు తీసుకోగలదు. అప్పుడు "ఎంత శాతం?" అని అడక్కండి. "మిగిలినవి ఏవి? వాటిలో నీకు నిద్ర పట్టనివ్వనిది ఏది?" అని అడగండి. రెండో ప్రశ్నకి వచ్చే జవాబులోనే అసలు రిస్క్ ఉంటుంది.

క్లయింట్ కూర్చునే కాల్‌నే స్టాండప్ చేయకండి. బయటివాళ్ల ముందు మనవాళ్లు సమస్య చెప్పరు, అది సహజం. ఉదయం పదకొండింటికి టీమ్ వరకు ఒకటి, సాయంత్రం క్లయింట్‌తో పది నిమిషాలు ఒకటి. రెండింటిలోనూ అవే విషయాలు చెప్పాలన్నది షరతు. అమెరికాలో మార్చిలో, నవంబర్‌లో గడియారం మారినప్పుడు సాయంత్రం కాల్ గంట అటూఇటూ అవుతుంది. ఆరున్నరది ఏడున్నర అయితే చిన్న పిల్లలున్న తల్లులకి ఎంత ఇబ్బందో అడిగి తెలుసుకుని, వాళ్లు లేకుండానే నడిచేట్టు వంతులు పెట్టండి.

మెట్టు 7: ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు

నిజాయితీ అంటే తెలిసినదంతా కక్కేయడం కాదు. పై మీటింగ్‌లో పడ్డ తిట్లని యథాతథంగా తెచ్చి టీమ్ నెత్తిన పోసే లీడ్లని చూశాను. అది పారదర్శకత అని వాళ్ల నమ్మకం. టీమ్‌కి చేరేది టెన్షన్ మాత్రమే. తిట్టులో ఉన్న విషయాన్ని తీసి చెప్పండి, తిట్టుని మీ దగ్గరే ఉంచుకోండి.

ఉద్యోగాల కోత గురించి, అప్రైజల్ రేటింగుల గురించి, ప్రాజెక్టు రెన్యువల్ గురించి టీమ్ అడిగినప్పుడు మూడు జవాబులే వాడండి. "తెలుసు, ఇదీ సంగతి." "తెలీదు, ఫలానా రోజుకి కనుక్కుని చెబుతాను." "తెలుసు, కానీ ఇప్పుడు చెప్పే వీల్లేదు." మూడోది చెప్పడానికి ధైర్యం కావాలి. దాని బదులు "నాకేం తెలీదమ్మా" అనేస్తే ఆ రోజుకి గండం గడుస్తుంది. నెల తర్వాత మీకు ముందే తెలుసని బయటపడుతుంది. మన ఆఫీసుల్లో ఏ రహస్యమూ సిగరెట్ బ్రేకులు, టీ బ్రేకులు దాటి దాగదు.

మీ తప్పు మీరే ముందు చెప్పడం చాలా పనిచేస్తుంది. "ఆ అంచనా నేనే తప్పు చెప్పాను, మీతో మాట్లాడకుండా ఒప్పేసుకున్నాను" అని టీమ్ ముందు అనండి. ఒక్కసారి అంటే సరిపోదు. మొదటిసారి అందరూ ఇదేదో ట్రైనింగ్‌లో నేర్చుకొచ్చాడనుకుంటారు. మూడోసారికి ఎవరో ఒకరు తమ తప్పు చెబుతారు.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్ల మీద అధ్యయనం చేశారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె అంచనా. లెక్కలు తిరగబడ్డాయి, మంచి బృందాల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ ఎక్కువ తప్పులు జరిగాయని కాదు, జరిగినవి భయం లేకుండా చెప్పుకున్నారని ఆమె వివరణ. మీ టీమ్‌లో సమస్యలేవీ వినిపించడం లేదంటే సంతోషించే ముందు ఇది గుర్తు చేసుకోండి.

మెట్టు 8: రెట్రో, రివ్యూ

రెట్రోలో, అంటే స్ప్రింట్ చివర టీమ్ తన పనితీరు గురించి మాట్లాడుకునే మీటింగ్‌లో, "ఏమీ లేదండీ, అంతా బాగానే ఉంది" అన్న జవాబు వస్తే తప్పు అడిగిన పద్ధతిది. అప్రైజల్ రాసే మనిషి గదిలో ఉండగా జూనియర్లు నోరు విప్పరు. ఆ మనిషి మీరే అయితే నెలకోసారి వేరే టీమ్ స్క్రమ్ మాస్టర్‌ని పిలిచి నడిపించమనండి, మీరు బయట ఉండండి. నోటితో అడక్కుండా ముందు అందరినీ చీటీల మీద రాయమనండి. పది విషయాలు బయటికొచ్చినా ఒక్కటే ఎంచుకుని తర్వాతి స్ప్రింట్‌లో ఒక పనిగా పెట్టండి. మార్పు కళ్లకి కనిపించకపోతే మూడో రెట్రో నుంచి చీటీలు ఖాళీగా వస్తాయి.

రివ్యూలో, అంటే చేసిన పనిని క్లయింట్‌కి చూపించే మీటింగ్‌లో, స్లైడ్లు వద్దు, నడుస్తున్న సాఫ్ట్‌వేర్ చూపించండి. వీలైతే దాన్ని వాడే మనిషి చేతికే మౌస్ ఇవ్వండి. మా క్లయింట్ కాల్ సెంటర్ ఉద్యోగిని ఒకావిడ పదిహేను నిమిషాల్లో చూపించిన తప్పులు, మా టెస్టింగ్‌లో నెలరోజుల్లో దొరకలేదు. చివర మెట్టు 2లోని ఆ ఒక్క అంకె ఎటు కదిలిందో చెప్పి ముగించండి. కదలకపోతే కదల్లేదనే చెప్పండి.

మెట్టు 9: ఎర్రగా ఉన్నదాన్ని ఆకుపచ్చ చేయమన్నప్పుడు

పుచ్చకాయ రిపోర్టు అని మనవాళ్లు నవ్వుకుంటారు. బయట ఆకుపచ్చ, కోస్తే ఎరుపు. పైన పటారం, లోన లొటారం. ఇది ఒక్కరి దుర్మార్గంతో తయారవదు. డెవలపర్ లీడ్‌కి కొంచెం తీపి చేసి చెబుతాడు, లీడ్ మేనేజర్‌కి ఇంకొంచెం, మేనేజర్ డైరెక్టర్‌కి మరికాస్త. పైకి వెళ్లేసరికి పాయసం.

మీ మెట్టు దగ్గర ఆ చక్కెర వేయడం ఆపండి. దానికి పద్ధతి ఉంది. చెడు కబురుని క్లయింట్ కాల్‌లో మొదటిసారి బయటపెట్టి మీ మేనేజర్‌ని ఇరుకున పెట్టకండి. అది నిజాయితీ పేరుతో చేసే వెన్నుపోటు. ఒక రోజు ముందే ఆయనకి చెప్పండి, సమస్య ఒక్కటే పట్టుకుని వెళ్లకండి, దారులతో వెళ్లండి.

"పేమెంట్ టెస్టింగ్ ఇంకా మొదలవలేదండీ. మూడు దారులున్నాయి. రిపోర్టుల భాగం వదిలేస్తే పాత తేదీకే ఇవ్వగలం. అన్నీ కావాలంటే రెండు వారాలు జరపాలి. లేదా ముందు ఒక రాష్ట్రంలోని కస్టమర్లకి మాత్రమే తెరిచి చూడొచ్చు. నేనైతే మూడోది అంటాను. స్లైడ్‌లో పసుపు పెట్టి ఇవి పక్కన రాశాను."

చాలామంది మేనేజర్లు దీనికి ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్లకి కావలసింది పైవాళ్ల ముందు చెప్పడానికి ఒక మాట. అది మీరే అందించారు. కొందరు ఒప్పుకోరు. "ఈసారికి ఆకుపచ్చ పెట్టు, వచ్చే వారం చూద్దాం" అంటారు. స్లైడ్ వాళ్లది, మార్చుకోనివ్వండి. మీ నోటితో మాత్రం ఆ మాట అనకండి. పరిస్థితి, మూడు దారులు, తేదీ వేసి నాలుగు వాక్యాల మెయిల్ పంపండి. అందులో నింద ఉండకూడదు. క్లయింట్ నేరుగా మిమ్మల్నే అడిగితే ఆ మెయిల్‌లో ఉన్నదే చెప్పండి. ఇది రెండు మూడుసార్లు జరిగాక కూడా ఏమీ మారకపోతే లోపలే ఇంకో ప్రాజెక్టుకి అడిగి చూడండి. ఇంటి ఈఎంఐ ఉన్నవాళ్లని రాజీనామా చేసేయమని నేను చెప్పను, తొంభై రోజుల నోటీసు సంగతి నాకూ తెలుసు.

ఆ మొదటి రిలీజ్ డెవలపర్ మళ్లీ నాతో మామూలుగా మాట్లాడటానికి నాలుగు నెలలు పట్టింది. ఒక రాత్రి పదకొండు దాటాక మెసేజ్ వచ్చింది: "అన్నా, మధ్యాహ్నం నేను పెట్టిన మార్పు వల్ల కొన్ని క్లెయిమ్‌లకి మెసేజ్ రెండుసార్లు వెళ్తోంది. ఇంకా ఎవరూ గమనించలేదు." ఇద్దరం కూర్చుని ఆ మార్పు వెనక్కి తీసేశాం. పొద్దున్నే మేనేజర్‌కి ఫోన్ చేసి చెప్పాను, సాయంత్రం కాల్‌లో అవే మాటలు క్లయింట్‌కి చెప్పాను. వాళ్లు కాసేపు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని, సోమవారం పెట్టుకున్న ట్రైనింగ్‌ని గురువారానికి మార్చుకున్నారు.